లేఖలో లేని రాజు

పద్దెనిమిదేళ్లు ఆ గదిలో కూర్చుని రాశాను. మానేసి వెళ్లిన పదమూడేళ్లకు మళ్లీ ఆ గడప తొక్కాను, ఒక దొంగను పట్టుకోవడానికి.

నా రోజుల్లో రాజభవనపు లేఖకుల గదిలో ఇరవై బల్లలుండేవి. ఆ సోమవారం పొద్దున నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఆరు మిగిలాయి. గోడకు ఇదివరకు వెండి దీపాలు వేలాడిన చోట మేకులు మాత్రం ఉన్నాయి. మాచికాయ సిరా వాసన మాత్రం మారలేదు. ఆ వాసన ముక్కుకు తగలగానే, వేళ్లన్నీ నల్లగా చేసుకుని కిటికీ దగ్గర బల్ల కోసం కొట్టుకున్న రోజులు గుర్తొచ్చి ఒక్క క్షణం ఎందుకొచ్చానో మరిచిపోయాను.

"వచ్చావా, కాగితాల పురుగూ!"

రాజభవన కావలి దళపతి మెలికిస్. నాకంటే పదేళ్లు చిన్న. మాటకు ముందు చెయ్యి లేచే మనిషి. దొంగ పత్రాలు పట్టుకోవడం నా వృత్తి. చర్చి న్యాయస్థానంలో నేను పట్టిన దొంగల్లో ముగ్గుర్ని అంతకుముందు మెలికిస్ నిర్దోషులని వదిలేశాడు. అది అతను మరిచిపోలేదు.

"నన్ను పిలిపించింది మహామంత్రి. నువ్వు కాదుగా," అన్నాను.

"పిలవొద్దని మొత్తుకున్నాను. ముసలాడి చేతులు వెనక్కి కట్టి పైకి లాగితే అరగంటలో కక్కేవాడు. నీకోసం ఆగాల్సొచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నీకు గడువు. ఆ తర్వాత ఆయన నావాడు."

ముసలాడంటే యుస్తాతి గురువుగారు. చక్రవర్తి ఎర్ర సిరాకు కాపలాదారు. నాకు అక్షరం కుదురుగా నిలబెట్టడం నేర్పిన మనిషి. తన పాత బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. వెనక ఇద్దరు సైనికులు.

నేను రెండడుగులు వేశానో లేదో గురువుగారు ఇటు తిరిగారు. "గవ్రాస్! ఎడమకాలి చెప్పు ఈడుస్తోంది నాయనా. బాగుచేయించుకో."

 పలకరించకుండా పని మొదలుపెట్టాను.

జరిగింది ఇది. సెర్బుల పాలకుడు నిరుడు తన దేశంలో తానే చక్రవర్తిగా కిరీటం పెట్టుకున్నాడు. కిరీటం ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ లోకంలో చక్రవర్తి ఒక్కడే, ఆయన మా రోమన్ల చక్రవర్తి అన్నది మా మాట. ఆ మాట మా నోటితోనే పోగొట్టించాలని సెర్బుల పాలకుడి పట్టుదల. అతని రాయబారి నెల రోజులుగా మా నగరంలో ఉన్నాడు. గురువారం మధ్యాహ్నం ఆ రాయబారికి ఇవ్వాల్సిన లేఖ మీద చక్రవర్తి ఎర్ర సిరాతో సంతకం చేశారు. శుక్రవారం పొద్దున్నే బంగారు ముద్ర వేసి రాయబారి చేతికిచ్చారు. ఆదివారం రేవు అవతల జెనోవా వర్తకుల సారాకొట్లో అతని గుర్రాల మనిషి తాగి వాగాడు: 'మా దొరను మీవాళ్లే చక్రవర్తి అని రాసిచ్చారు, ఇంక నోరు మూసుకోండి' అని. తెల్లవారే సరికి మెలికిస్ నగర ద్వారం దగ్గర రాయబారిని ఆపేశాడు.

రాయబారిని సోదా చేయకూడదు. ఆ అవసరమే రాలేదు. ఆయన తనంతట తానే లేఖ పట్టుకుని ఈ గదికి వచ్చి కూర్చున్నాడు.

కిటికీ కింద బల్ల మీద కూర్చుని, ఎండు బార్లీ రొట్టెతో ఆలివ్ కాయలు తింటున్న పెద్దమనిషి ఆయనే. పేరు వ్లాదోయె. అరవై దాటి ఉంటాయి. నెరిసిన మీసాలు, నవ్వుతున్న కళ్లు. మా భాష మాకంటే శుభ్రంగా మాట్లాడతాడు.

"చూసుకోండి," అంటూ కాగితపు చుట్ట నా చేతికిచ్చాడు. "నా కళ్లముందే చూడాలి. ఇది దొంగరాత అని రుజువు చేస్తే తిరిగిచ్చేస్తాను. మా దొరకు దొంగిలించిన బిరుదు అక్కర్లేదు. చెయ్యలేకపోతే నా దారిన నేను పోతాను. నడినెత్తి పొద్దుదాకా తీరిగ్గానే ఉన్నాను."

"అంత ఓపిక రాయబారులకు అరుదు," అన్నాను.

"ముప్ఫై ఏళ్ల కిందట ఇక్కడికే గుర్రాలు తోముకుంటూ వచ్చాను అయ్యా. ఆ రోజు విందులో బంగారు పళ్లేలు చూశాను. తలుపు సందులోంచే అనుకోండి. మొన్న నాకు మట్టి గిన్నెలో వడ్డించారు. బాధేసింది. నిజంగానే." ఆయన ఆలివ్ గింజ అరచేతిలోకి ఉమ్మాడు. "అన్నీ తాకట్టు పెట్టుకున్నారు. ఆ ఒక్క మాట మాత్రం ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నారు."

నేను లేఖ విప్పాను.

ఎప్పుడూ రాసేది, 'మా ప్రియ కుమారునికి, సెర్బుల రాజుకు' అని. మా పద్ధతిలో బయటి పాలకులందరూ ఒక కుటుంబం. మా చక్రవర్తి తండ్రి. మిగతావాళ్లు కొడుకులో, స్నేహితులో. ఈ లేఖలో స్పష్టంగా ఇలా ఉంది: 'మా ప్రియ సోదరునికి, సెర్బుల, రోమన్ల చక్రవర్తికి.'

కొడుకు తమ్ముడయ్యాడు. రాజు చక్రవర్తి అయ్యాడు. పైగా 'రోమన్ల' అట! అంటే మా ఊళ్లు, మా మనుషులు కూడా అతనివే.

బంగారు ముద్ర అసలుది. పట్టుదారం తెగలేదు, మళ్లీ ముడి వేసిన గుర్తు లేదు. ఎర్ర సంతకం చక్రవర్తిదే, ఆ చివరి అక్షరం తోక వంకర ఎవరూ దొంగిలించలేరు. ఇక మిగిలింది ఆ మాటలు. ఒక మాట గీకి ఇంకో మాట రాస్తే కాగితం మీది నున్నదనం పోతుంది, ఆ చోట సిరా బూజులా పాకుతుంది. లేఖను కిటికీ వెలుగుకు అడ్డం పెట్టి చూశాను. వేలు తడి చేసి అంచున రుద్దాను. పక్కకు వంచి మెరుపు చూశాను.

ఎక్కడా గీకలేదు. ఆ మాటలు మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి.

"రాత ఎవరిది?" మెలికిస్ అడిగాడు.

"రెండో లేఖకుడు ప్రోకోపిది. ఎక్కడున్నాడు?"

"శుక్రవారం సెలవు తీసుకున్నాడు. సెలింవ్రియాలో అక్క దగ్గరికని. మనిషిని పంపాను. ఆ ఊళ్లో వాడికి అక్కే లేదు."

ప్రోకోపి బల్ల మూడోది. సొరుగుకు తాళం ఉంటే మెలికిస్ కత్తితో ఊడబెరికాడు. ఈకల కలాలు, పెట్టెడు మైనం, చిత్తు కాగితాలు. చిత్తుల్లో ఒకటి రెండు వైపులా నిండిపోయి ఉంది. ఒకే వాక్యం పాతికసార్లు, ఒక్కోసారి ఒక్కో వంపుతో: 'ప్రోకోపి, సెర్బుల, రోమన్ల చక్రవర్తి మహాలేఖకుడు.'

ఇరవై రెండేళ్లు రెండో లేఖకుడిగానే ఉండిపోయాడు ప్రోకోపి. నేను ఉన్నప్పుడే రెండో లేఖకుడు. నా పక్కనే కూర్చుని నా రొట్టెలో సగం తినేవాడు. మొదటి లేఖకుడి పదవి ఖాళీ అయినప్పుడల్లా ఎవరో ఒకరి మేనల్లుడు వచ్చేవాడు. కొత్త బిరుదు ఎలా సంతకం చేయాలో సాధన చేసుకున్నాడు పాపం. కోపం రావాల్సిన చోట నాకు జాలి కలిగింది.

"సరే, రాసినవాడు దొరికాడు," అన్నాడు మెలికిస్. "కానీ సంతకానికి ముందు లేఖను చక్రవర్తికి చదివి వినిపించింది ఎవరు?"

అందరం గురువుగారి వైపు చూశాం.

"నేనే," అన్నారాయన. "నలభై ఏళ్లుగా నేనే. చక్రవర్తి ఏదీ చదవరు. వింటారు, సంతకం పెడతారు."

"చక్రవర్తి ఏం విన్నారట?" మెలికిస్ నన్ను అడిగాడు. "ఆయన్నే అడిగాం. 'కుమారుడు, రాజు' అనే విన్నానన్నారు. కాగితంలో చక్రవర్తి అని ఉంది. ముసలాడు నోటితో రాజు అన్నాడు. అంటే ఏంటి? ఇద్దరూ కూడబలుక్కున్నారు! ఇంకా ఏం కావాలోయ్ నీకు?"

నిజానికి నాకూ ఇంకో దారి కనిపించలేదు. నేను గురువుగారి బల్ల అంచున, చిన్నప్పుడు తిట్లు తినడానికి నిలబడే చోటే నిలబడ్డాను.

"గురువుగారూ, గురువారం చిత్తు ఎప్పుడు చెప్పారు?"

"పొద్దున. చర్చిలో ప్రార్థనకు పిలిచే చెక్కబల్ల మోగకముందే."

"ప్రోకోపి శుద్ధప్రతి ఎప్పుడు తెచ్చాడు?"

"మధ్యాహ్నం భోజనాలయ్యాక. అప్పటికే చక్రవర్తి పిలుపొచ్చింది. తిన్నగా తీసుకెళ్లిపోయాం."

"తీసుకెళ్లే ముందు చూసుకోలేదా?"

ఆయన దవడ కదిలింది. "చూశాను."

"అందులో 'సోదరుడు' అని ఉంది."

"లేదు."

"ఉంది గురువుగారూ. నా చేతిలోనే ఉంది."

"ఉండదురా! సెర్బులవాణ్ణి సోదరుడని ఈ గదిలో ఎవడూ రాయడు. నువ్వు రాస్తావా? రాయవు. రాసే చెయ్యి ఉంటే నేనే విరగ్గొట్టేవాణ్ణి."

"అయితే చదవండి," అని లేఖ ఆయన చేతికిచ్చాను.

కింద వేలాడే బంగారు ముద్రను తడిమి కాగితం నిటారుగా పట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. చదవడం మొదలుపెట్టారు.

ఆ గొంతు! మేం ఇరవైమందిమీ కలాలు ఆపి విన్న గొంతు. ఎనభైకి దగ్గరపడిన ఒంట్లోంచి అంత గంభీరంగా ఎలా వస్తుందో. విదేశీ రాయబారులు భాష తెలియకపోయినా ఆ గొంతుకు తలవంచేవాళ్లని మేం చెప్పుకునేవాళ్లం.

"క్రీస్తు దేవుని యందు విశ్వాసముగల, రోమనుల చక్రవర్తి, ఏకైక ప్రభువు, మా ప్రియ కుమారునికి, సెర్బుల రాజుకు..."

"చూశావా!" మెలికిస్ అరుపుకు కాగితాలు ఎగిరాయి. "మన కళ్లముందే! మన కళ్లముందే అబద్ధం చదువుతున్నాడు! ఎంత ధైర్యం!"

వ్లాదోయె నమలడం ఆపేశాడు.

గురువుగారు ఆగలేదు. మెలికిస్ అరిచింది తనని కాదన్నట్టు చదువుతూ పోయారు. అప్పుడు గమనించాను. బొటనవేలు కాగితం అంచున సమంగా దిగుతోంది, ఒక్కో వాక్యానికి ఒక్కో గీత చొప్పున. కళ్లు మాత్రం ఎటూ కదలడం లేదు. పంక్తి చివరకు వెళ్లడం లేదు, తిరిగి మొదటికి రావడం లేదు.

ఆయన చదువుతున్నది కాగితాన్ని కాదేమో.

అది తేల్చే దారి ఒకటే ఉంది. చేస్తే, ఈ మనిషి దగ్గర మిగిలిన ఒక్క గదినీ నేనే లాక్కున్నట్టు. చెయ్యకపోతే, నడినెత్తి పొద్దుకు ఈ చేతులు తాడుకు వేలాడతాయి. మెలికిస్ ముందు కాకుండా ఉంటే బాగుండేది. ఆ అదృష్టం లేదు.

"గురువుగారూ, ఒక్క నిమిషం ఇటివ్వండి," అని లేఖ తీసుకున్నాను. పక్క బల్ల మీద నుంచి ఒట్టి కాగితం, ఒక్క చుక్క కూడా సిరా పడనిది, తీసి ఆయన చేతుల్లో పెట్టాను. ప్రోకోపి సొరుగులోని మైనపు ముద్దకు దారం కట్టి దాని కిందకు తగిలించాను. "మొదటి నుంచి మళ్లీ చదవండి."

ఆయన కిందకు తడిమారు. బరువు తగిలింది. గొంతు సవరించుకున్నారు.

"క్రీస్తు దేవుని యందు విశ్వాసముగల..."

చివరి దాకా చదివారు. ఒక్క మాట తడబడలేదు. 'ఆరోగ్యముతో ఉండుమని దీవించుచున్నాము' అని ముగించి కాగితం బల్ల మీద పెట్టేసరికి గదిలో చడీచప్పుడు లేదు. మెలికిస్ ఆ తెల్ల కాగితం వైపు, నా వైపు, మళ్లీ కాగితం వైపు చూశాడు. వెనక ఉన్న సైనికుల్లో ఒకడు సిలువ గుర్తు వేసుకున్నాడు.

ఆ నిశ్శబ్దమే గురువుగారికి చెప్పింది.

"ఏమిచ్చావురా నాకు?" నెమ్మదిగా అడిగారు.

"ఒట్టి కాగితం, గురువుగారూ."

ఆయన రెండు చేతులూ బల్ల మీద పరిచారు.

"ఎన్నాళ్లయింది చూపు పోయి?" అని అడిగాను.

"రెండేళ్లు దాటింది. ముందు అంచులు మసకబారాయి. తర్వాత మధ్యలో పొగ. నిరుడు చలికాలానికి అంతా పోయింది. వెలుగొక్కటి తెలుస్తుంది, కిటికీ ఎటుందో."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే? మఠంలో ఒక మూల పడేసి గంజి పోస్తారు. పన్నెండో ఏట వచ్చాను నాయనా ఈ గదికి. ఎవరిని ఏమని పిలవాలో అన్నీ నోటికొచ్చు. బల్గర్లకెలా, జార్జియావాళ్లకెలా, ఈజిప్టు సుల్తానుకెలా. నలభై ఏళ్లలో మారింది లేదు. మారనిదాన్ని చదవడానికి కళ్లెందుకు అనుకున్నాను." "ప్రోకోపికి తెలిసిపోయింది. వాడే రోజూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. 'మీ కళ్లు నేనుగా' అన్నాడు. మంచివాడనుకున్నాను."

మెలికిస్ కిటికీ దగ్గరకు వెళ్లి బయటకు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని మూలకు లాగాడు.

"ఇది ఈ గది దాటకూడదు," గుసగుసలాడాడు. "రెండేళ్లుగా గుడ్డివాడు చదివితే చక్రవర్తి సంతకాలు పెట్టాడని తెలిస్తే ఎర్ర సిరాకు విలువేముంటుంది? ప్రతి అడ్డమైనవాడూ 'నా మీద వచ్చిన ఆజ్ఞ దొంగది' అంటాడు!"

"చెప్పకపోతే ఆ లేఖ సెర్బులకు వెళ్తుంది."

"వెళ్తే వెళ్లనీ! ఆ రాయబారి గుర్రం మీంచి పడి చచ్చిపోయే ఏర్పాటు నేను చూస్తాను."

"రాయబారిని చంపితే యుద్ధం. అది నీ ఏర్పాటులో ఉందా?"

"నీకు మాటలొచ్చు, నాకు మనుషులున్నారు..."

"మీరిద్దరూ పోట్లాడుకోకండి." గురువుగారు లేచి నిలబడ్డారు. చెవులు మాత్రం పోలేదు ఆయనకు. "రాయబారిగారూ, ఎటున్నారు?"

"ఇక్కడే, అయ్యా." వ్లాదోయె కూడా లేచాడు.

"గవ్రాస్, సువార్త పుస్తకం నా చేతికివ్వు."

ఇచ్చాను. ఆయన దాని మీద చెయ్యి పెట్టి, అదే పెద్ద గొంతుతో చెప్పారు: తాను చూపులేనివాడినని, గురువారం చక్రవర్తికి వినిపించింది తన జ్ఞాపకమే గాని కాగితం కాదని, చక్రవర్తి 'సోదరుడ'ని వినలేదు గనుక అనలేదని. ఎవరడిగినా, ఏ సభలో అడిగినా ఇదే చెబుతానని.

నేను వ్లాదోయె ముఖమే చూస్తున్నాను. వాదిస్తాడనుకున్నాను. కనీసం ఎర్ర సంతకం మాటైనా ఎత్తుతాడనుకున్నాను. ఆయన లేఖను చుట్టి, రెండు చేతులతో గురువుగారి చేతుల్లో పెట్టాడు.

"మీ గొంతు ఒకప్పుడు ఈ కిటికీ కింద నిలబడి విన్నాను," అన్నాడు. "గుర్రాలు కూడా చెవులు నిక్కబెట్టేవి. సెలవిప్పించండి."

కిటికీలోంచి ఒకసారి సూర్యుడి వైపు చూసి, తొందర లేకుండా వెళ్లిపోయాడు.

మెలికిస్ బల్ల మీద చతికిలబడి పెద్దగా ఊపిరి వదిలాడు. "సరే. ఒప్పుకుంటున్నాను. ఈసారికి నువ్వే గెలిచావు, పురుగూ."

నాకు గెలిచినట్టు లేదు. అంత తేలిగ్గా ఎందుకిచ్చాడు? ఇచ్చేసేవాడు తెల్లవారుజామునే ఇవ్వచ్చుగా? ఇంత సేపు కూర్చుని ఆలివ్ కాయలు ఎందుకు తిన్నాడు?

గురువుగారు లేఖను ఒళ్లో పెట్టుకుని వేళ్లతో దాని అంచులు తడుముతున్నారు. ఏదో మురిపెం అనుకున్నాను. అంతలో వేళ్లు ఆగాయి. వెనక్కి వెళ్లాయి. మళ్లీ తడిమాయి.

"గవ్రాస్. గీతలు కొట్టడానికి అంచున ములుకుతో పొడుస్తాం కదా. చిల్లులు ఎలా ఉండాలి?"

"పైవైపు వెడల్పుగా, కిందవైపు సన్నగా."

"ఇవి రెండువైపులా సన్నగానే ఉన్నాయి. ములుకు మొన ఒక్కటే దిగింది దీంట్లో. అంటే?"

నేను లేఖ లాక్కుని చూశాను. కళ్లున్న నేను పొద్దుటి నుంచి మాటలనే చూశాను, చిల్లులను చూడలేదు. "దీని మీద ఇంకో కాగితం ఉంది," అన్నాను. "రెండింటినీ కలిపి పొడిచాడు. ఇది కిందది."

"ఆ రోజు కలం రెండుసార్లు గీరుకుంది," అన్నారు గురువుగారు. ముఖం పాలిపోయింది. "చక్రవర్తి రెండుసార్లు సంతకం పెట్టారు. ముఖ్యమైన లేఖలు రెండు ప్రతులు పంపడం వాడుకే, ఒకటి ఓడలో, ఒకటి రోడ్డున. రెండోది ఈసారి అక్కర్లేదే అనుకున్నాను. అడగలేదు. అడిగితే చూడలేదని తెలుస్తుందేమోనని భయం."

మెలికిస్ బంగారు ముద్రల పెట్టె తెరిపించాడు. ఉండాల్సినదానికి ఒకటి తక్కువ.

"పై ప్రతిని ప్రోకోపి శుక్రవారం పట్టుకుపోయాడు," అన్నాను. "వ్లాదోయె మనకు ఇచ్చింది రెండు ప్రతుల్లో కిందది. ఇక్కడ కూర్చుని తిన్న ఒక్కో గంటా రోడ్డు మీద వాడికి కలిసొచ్చిన గంటే."

"పోతే పోనీ. ఒక కాగితం పట్టుకుని సెర్బులవాడు ఏం చేసుకుంటాడు? గోడకు తగిలించుకుంటాడా?"

"మెలికిస్," గురువుగారు అన్నారు, "సరిహద్దు కోటకు ఎవరైనా పాలకుడు వస్తే కోటపాలకుడు ఏం చేయాలో తెలుసా? రాజు వస్తే గుమ్మం దగ్గర రొట్టె, ద్రాక్షసారా ఇచ్చి బయటే నిలబెట్టాలి. మన చక్రవర్తి 'సోదరుడు' అని రాసిచ్చిన చక్రవర్తి వస్తే తల మీది టోపీ తీసి తాళాలు చేతికివ్వాలి. అది పాత నియమం. రద్దు చేయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అలాంటివాడు ఎప్పుడూ రాలేదు. సెర్బుల వైపు మన కోట ఏది మిగిలింది?"

"ఆక్రోపేత్ర," అన్నాడు మెలికిస్. అన్నాక నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"అక్కడ ఎవరున్నారు?" నేనడిగాను.

"మా తమ్ముడు." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "థియోదూల్. నియమం తప్పని వెధవ. అలా పెంచింది నేనే. అమ్మ పోయాక నేనే పెంచాను. 'రాసున్నది చెయ్యి, అప్పుడు ఎవడూ నిన్నేమీ అనలేడు' అని కర్ర పుచ్చుకుని నేర్పాను. తాళాలు ఇస్తాడు. టోపీ తీసి మరీ ఇస్తాడు. లోపల మూడొందల మంది ఉన్నారు, వాళ్ల పెళ్లాలు, పిల్లలు..."

ఆ కోటకు రోడ్డున ఆరు రోజుల దారి. ప్రోకోపి బయల్దేరి మూడు రోజులు దాటింది. గుర్రంతో అందుకోలేం. సముద్రం మీద ఉత్తరపు గాలి ఉంటే రెండున్నర రోజులు.

"నేను వెళ్తాను. అన్నను, నా మాట వినడా?" మెలికిస్ కత్తి నడుముకు బిగించాడు.

"ఇంట్లో వింటాడు. కోటలో వింటాడా? ఎర్ర సంతకానికి ఎదురుగా?" అన్నారు గురువుగారు.



"రద్దు లేఖ రాద్దాం," అన్నాను. "చక్రవర్తి చేత..."

"ఏ కాగితం నమ్మాలి వాడు?" గురువుగారు కర్ర కోసం తడుముకుంటున్నారు. "ఒక ఎర్ర సంతకం చూపి ఇంకో ఎర్ర సంతకం అబద్ధం అంటే ఏది నమ్ముతాడు? మనిషి వెళ్లాలి. ఆ లేఖను చక్రవర్తికి వినిపించిన మనిషి. ఇందాక పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పింది ఆ కోట గుమ్మంలో మళ్లీ చెప్పాలి. నన్ను పడవ ఎక్కించండి."

"గురువుగారూ, ఈ వయసులో సముద్రం..."

"ఒరే, నలభై ఏళ్లు ఒక మాటకు కాపలా కాశాను. అది నా నోటి మీదుగానే జారిపోయింది. పదండి."

మెలికిస్ వెనక ఉన్న సైనికులను పక్కకు తప్పుకోమని సైగ చేసి, ముసలాయన్ని పసిబిడ్డలా రెండు చేతుల్లోకి ఎత్తుకుని మెట్లు దిగాడు. నేను ఆయన కర్ర, పైబట్ట పట్టుకుని పరుగెత్తాను.

రేవులో దొరికింది పన్నెండు తెడ్ల పడవ ఒకటి. సరంగు మొదట రానన్నాడు, మెలికిస్ ముఖం చూసి వస్తానన్నాడు. గురువుగారిని ముందు భాగంలో తాళ్ల చుట్ట మీద కూర్చోబెట్టాం. ఆయన రాజభవనం వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. భుజాలు పట్టుకుని నెమ్మదిగా సముద్రం వైపు తిప్పాను. గాలి ఉత్తరం నుంచే ఉంది. తెరచాప నిండింది. చిన్నప్పుడు ఆయన మమ్మల్ని ఏడాదికోసారి ఇదే రేవుకు తీసుకొచ్చి వేయించిన చేపలు కొనిపెట్టేవారు. ఆయనకూ అదే గుర్తొచ్చిందేమో, ఉప్పుగాలి గట్టిగా పీల్చారు.

రేవు గోడ దాటాం. పడమటి సముద్రం తెరుచుకుంది. మెలికిస్ నా మోచెయ్యి గట్టిగా నొక్కి ముందుకు చూపించాడు. వ్లాదోయె గుర్రాలు ఉత్తర ద్వారం దగ్గర ఎదురుచూస్తూనే ఉండాలి. ఆయన అటు వెళ్లనే లేదు. జెనోవావాళ్ల పొడవాటి పడవ, నలభై తెడ్లది, ఆయన్ను ఎక్కించుకుని మేం వెళ్లే దారినే వెళ్తోంది.

"ఎందుకు మాటలాపేశారు?" గురువుగారు అడిగారు. "ఏం కనిపిస్తోందిరా గవ్రాస్? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఒక తెరచాప, గురువుగారూ. మనకంటే ముందు."